బడి నుంచి ఫిర్యాదు వచ్చిందా? ముందు రాత్రి నిద్ర లెక్క తీయండి

"మీ వాడు తను కూర్చోడు, పక్కవాళ్లను కూర్చోనివ్వడు" అని బడి నుంచి ఫోన్ వచ్చిందనుకోండి. తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. తిట్లు పడతాయి. ఆటలు బంద్ అవుతాయి. ట్యూషన్ ఇంకో గంట పెరుగుతుంది. ఆ గంట రాత్రి నిద్రలోంచే పోతుంది. వారం తిరక్కుండానే మళ్లీ ఫోన్ వస్తుంది.

నేను ప్రైమరీ పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లు. ఈ సంగతి నాకు అర్థం కావడానికి అందులో సగం కాలం పట్టింది. మూడో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. అన్నం బెల్లు అయ్యాక వాడితో రోజూ గొడవే. గిల్లేవాడు, పెన్సిళ్లు లాక్కునేవాడు, ఏమన్నా అంటే వెక్కి వెక్కి ఏడ్చేవాడు. చాలా రోజులు వాణ్ణి తలుపు దగ్గర నిలబెట్టాను. ఒకరోజు కాపీ రైటింగ్ పుస్తకం దిద్దుతూ వాడి పేజీ దగ్గర ఆగిపోయాను. పై నాలుగు లైన్లు ముత్యాల్లా ఉన్నాయి. ఐదో లైన్లో దీర్ఘాలు, గుడులు ఎగిరిపోయాయి. ఆరో లైను గీత దిగి కిందికి జారింది. చివరి అక్షరం దగ్గర మొదలైన పెన్సిల్ గీత ఒకటి వంకరగా పేజీ అంచుదాకా పోయింది. అది నిద్రలోకి జారిన చెయ్యి గీసిన గీత. మర్నాడు వాడినే గమనిస్తూ కూర్చున్నాను. చెయ్యి అలా జారిన మరుక్షణం తల విదిలించుకుని పక్కవాణ్ణి గిల్లాడు. వాడికి తెలియకుండానే తనను తాను మేలుకొలుపుకుంటున్నాడు.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాన్నా?" అని అడిగాను. "మా నాన్న వచ్చాక టీచర్" అన్నాడు. సాయంత్రం వాళ్లమ్మను కలిస్తే విషయం తెలిసింది. "ఆయన ఆటో పెట్టి ఇంటికొచ్చేసరికి పదకొండవుతుంది మేడమ్. అప్పటిదాకా వీడు కన్ను మూయడు. పొద్దున ఏడింటికి మళ్లీ ఆయన వెళ్లిపోతారు. ఆ కాసేపే కదా వాళ్ల నాన్న దొరికేది" అంది. ఆమె మాటలో తప్పేముంది? ఆ ఇంట్లో ఏం మార్చామో కాస్త ఆగి చెబుతాను.

నిద్ర చాలకపోతే పెద్దవాళ్లం నీరసపడిపోతాం, మూలన కూలబడతాం. చిన్నపిల్లల్లో చాలామంది దానికి పూర్తిగా ఎదురు. గెంతుతారు, అరుస్తారు, కుదురుగా ఉండలేరు. కోపాన్ని ఆపుకోవడం, వంతు కోసం ఆగడం, చెప్పిన మాట గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ చూసుకునే మెదడు ముందుభాగం పిల్లల్లో ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. నిద్ర తగ్గితే ముందు దెబ్బ తినేది అదే. అందుకే నిద్ర చాలని పిల్లవాడు, కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య అయిన ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడిలా కనిపించే అవకాశం చాలా ఎక్కువ. నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో కూడా చాలామందికి నిద్ర పట్టడం కష్టం. రెండూ ముడిపడి ఉంటాయి కాబట్టి, పిల్లవాడిపై ఏ ముద్రా వేయకముందే నిద్ర సంగతి తేల్చుకోవాలి.

మొదట టీచర్‌ను అడగండి: ఎప్పుడు, ఏ రోజు?

"మా వాడు ఎలా ఉన్నాడు?" అంటే "అల్లరెక్కువ" అనే జవాబే వస్తుంది. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఇలా అడగండి. ఏ పీరియడ్‌లో ఎక్కువ? అన్నం తిన్నాకా, ముందేనా? సోమవారం మరీ ఎక్కువగా ఉంటుందా? బోర్డు మీద ఉన్నది రాసుకోవడంలో చివర మిగిలిపోతున్నాడా? చిన్నమాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడా? తలనొప్పి అంటున్నాడా? బెంచీ మీద నిద్రపోతున్నాడా అని మాత్రమే అడిగితే చాలదు. చిన్న తరగతుల్లో నిద్ర చాలని పిల్లల్లో చాలామంది బెంచీ మీద వాలిపోరు, గెంతుతూనే ఉంటారు.

సోమవారం గురించి ఎందుకు అడగమన్నానంటే, శని, ఆదివారాల్లో రాత్రి పన్నెండుదాకా మెలకువగా ఉండి, పొద్దున తొమ్మిదింటికి లేచిన పిల్లవాడి ఒంట్లోని గడియారం రెండు రోజుల్లోనే వెనక్కి జరుగుతుంది. ఆదివారం రాత్రి ఎంత జోకొట్టినా నిద్ర రాదు. సోమవారం ఆరింటికి లేపేస్తాం.

రెండు వారాలు నోటుబుక్కులో రాయండి

పాత నోటుబుక్కు ఏదైనా సరే. రోజుకో లైను. పక్క ఎక్కింది ఎన్నింటికి, నిజంగా నిద్ర పట్టింది ఎన్నింటికి (సుమారుగా చాలు), మధ్యలో లేచాడా, పొద్దున తనంతట తను లేచాడా లేక మనం లేపామా, పగలు కునుకు తీశాడా, సాయంత్రం టీ గానీ కాఫీ గానీ తాగాడా, చివరిగా ఫోన్ ఎన్నింటికి వదిలాడు. చివర్లో బడి గురించి రెండు మాటలు: "బాగుంది", "కొట్లాట", "డైరీలో కంప్లైంట్". ఈ రెండు వారాలూ ఇంట్లో ఏదీ మార్చకండి. మార్చేస్తే అసలు ఎక్కడ లీకవుతోందో కనపడదు.

రాయడం పూర్తయ్యాక మూడు సంగతులు చూడండి. సెలవు రోజున మామూలు రోజుకన్నా రెండు గంటలకు పైగా ఎక్కువ నిద్రపోతున్నాడా? పొద్దున మూడుసార్లు పిలిచినా లేవడం లేదా? బడికి వెళ్లేటప్పుడే బస్సులోనో, బండి మీద మీ వీపుకు తల ఆనించో నిద్రపోతున్నాడా? వీటిలో ఒక్కటి అవునన్నా ఆ పిల్లవాడికి నిద్ర బాకీ ఉన్నట్టే. బండి మీద నిద్రపోవడం ప్రమాదం కూడా. చిన్నపిల్లలు ఉంటే వాళ్లను మీతో కలిపి కట్టే సేఫ్టీ బెల్టు వాడండి.

బస్సు టైమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి.

ఎనిమిదేళ్ల పాపను తీసుకుందాం. బస్సు 7:20కి వస్తుంది. తయారవడానికి, టిఫిన్‌కి గంట. అంటే 6:20కి లేవాలి. అతి తక్కువగా చూసినా 9 గంటలు కావాలి, కాస్త చూసుకుంటే 10. అంటే 8:20కి గానీ, ఎంత ఆలస్యమైనా 9:20కి గానీ నిద్ర పట్టి ఉండాలి. పక్క ఎక్కాక నిద్ర పట్టడానికి ఇరవై నిమిషాలు వేసుకోండి. మన ఇళ్లలో భోజనమే తొమ్మిదిన్నరకు అవుతుంది. ఈ లెక్క ముందు పెట్టుకుని కూర్చున్న ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది.

కంగారుపడకండి. ఉన్నపళంగా గంటన్నర జరపాల్సిన పని లేదు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు 34 మందితో ఒక ప్రయోగం చేశారు, 2012లో వచ్చింది. కొందరిని ఐదు రాత్రులు మామూలుకన్నా ముందు పడుకోబెట్టారు, సగటున రాత్రికి 27 నిమిషాల నిద్రే పెరిగింది. ఇంకొందరికి సుమారు 54 నిమిషాలు తగ్గించారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో టీచర్లకు చెప్పలేదు. నిద్ర పెరిగినవాళ్లలో చిరాకు, తొందరపాటు తగ్గాయని, తగ్గినవాళ్లలో పెరిగాయని వాళ్ల టీచర్లే మార్కులు వేశారు. చిన్న ప్రయోగమే. అయినా అరగంట కూడా అరగంటే అని నాకు ధైర్యం వచ్చింది దాంతోనే.

ముందు లేచే టైమ్ పట్టుకోండి, తర్వాతే పడుకునే టైమ్

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "ఈ రోజు నుంచి ఎనిమిదిన్నరకే పడుకో" అంటారు. రాత్రి పదకొండుకు అలవాటుపడిన పిల్లవాడు ఎనిమిదిన్నరకు పక్క మీద దొర్లుతాడు. కథ అడుగుతాడు, నీళ్లడుగుతాడు, బాత్రూమ్ అంటాడు, చివరికి అమ్మ కసురుకుంటుంది, వాడు ఏడుస్తాడు. నాలుగు రోజుల్లో అందరూ వదిలేస్తారు.

దీన్ని పొద్దున నుంచి మొదలుపెట్టాలి. ఆదివారంతో సహా రోజూ ఒకే టైమ్‌కి లేపండి, సెలవు రోజు మహా అయితే గంట సడలింపు ఇవ్వండి. లేచిన వెంటనే బాల్కనీలోకో, వాకిట్లోకో తీసుకెళ్లండి. పళ్లు తోముకోవడం ఎండ పొడలో నిలబడి తోముకున్నా సరే. పొద్దుటి వెలుతురు కంటికి తగిలితే ఒంట్లోని గడియారం ముందుకు జరుగుతుంది, రాత్రి నిద్ర కూడా ముందుగా వస్తుంది. ఆ తర్వాత పడుకునే టైమ్‌ను మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. పదకొండు నుంచి తొమ్మిదిన్నరకు రావడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది.

బడి నుంచి వచ్చీ రాగానే సోఫాలో వాలిపోయే పిల్లలు ఉంటారు. అయిదింటికి పడుకుని ఏడింటికి లేస్తే ఇక రాత్రి పదకొండైనా నిద్ర రాదు. ఐదేళ్లు దాటిన పిల్లలకు సాయంత్రం కునుకు అరగంటకు మించనివ్వకండి. అంతకన్నా మంచిది, రాగానే ఏదైనా పెట్టి ఆటకు పంపడం.

సాయంత్రం ఆరు నుంచి ఇంట్లో ఏం మారాలి

అన్నీ ఒకేసారి మార్చబోకండి. మీ నోటుబుక్కులో ఏది పెద్ద దొంగ అని తేలిందో దాన్నే ముందు పట్టుకోండి.

చాలా ఇళ్లలో అది ఫోనే. వెలుతురు ఒక సంగతి, దానివల్ల నిద్ర తెచ్చే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద సంగతి, రీల్స్‌కి, గేమ్స్‌కి ముగింపు లేకపోవడం. పక్క ఎక్కడానికి గంట ముందు ఫోన్లన్నీ వంటింట్లో చార్జింగ్‌కి పెట్టండి. అన్నీ అంటే మీవి కూడా. పక్కనే పడుకుని అమ్మ ఫోన్ చూస్తుంటే ఆ నీలి వెలుగు గోడ మీద కదులుతూ కనిపిస్తుంది, పిల్లవాడు కళ్లు మూసుకుని వింటూ ఉంటాడు.

టీవీ కూడా అంతే. ఒకటే గది ఉన్న ఇంట్లో తాతయ్య వార్తలు, నానమ్మ సీరియల్ ఆపమనడం కష్టమే. అలాంటిచోట నేను చెప్పేది ఒకటి: నానమ్మనే పడుకోబెట్టమని అడగండి. "అత్తయ్యా, మీరు కథ చెబితేగానీ పడుకోనంటున్నాడు" అనండి. సీరియల్ మర్నాడు మధ్యాహ్నం చూసుకోవచ్చు. ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం మ్యాచ్ 7:30కి మొదలై పదకొండు దాటుతుంది. మొదటి ఇన్నింగ్స్‌లో కొంత చూపించి పడుకోబెట్టండి, ఎవరు గెలిచారో పొద్దున చెప్పండి. లేవడానికి అదో కారణమవుతుంది.

టీ సంగతి. బిస్కట్ ముంచుకోవడానికి ఒక గ్లాసే కదా అనుకుంటాం. టీ, కాఫీ, కూల్‌డ్రింకుల్లో కొన్నింట్లో ఉండే, నిద్ర రానివ్వని కెఫీన్ ఒంట్లో గంటల తరబడి ఉంటుంది. సాయంత్రం పాలు, మజ్జిగ, రాగిజావ ఇవ్వండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ కూడా సరిగా ఒంటబట్టదు. ఐరన్‌కూ నిద్రకూ ఉన్న సంబంధం కింద చెబుతాను.

పిల్లల భోజనం 7:30కల్లా విడిగా పెట్టేయండి. అందరూ కలిసి తినాలన్న కోరిక మంచిదే, దాన్ని ఆదివారానికి ఉంచుకుందాం. పెద్దవాళ్ల కూర కోసం చూడక్కర్లేదు. పప్పు, నెయ్యి, వేడి అన్నం, ఒక గుడ్డు చాలు.

హోంవర్క్ నిద్రను తినేస్తుంటే ఆపేయండి. ఒక టీచర్‌గానే ఈ మాట చెబుతున్నాను. డైరీలో రాయండి: "పాప గంటసేపు రాసింది, నిద్ర టైమ్ అయింది, నేనే ఆపించి పడుకోబెట్టాను." అలా రాసి పంపిన తల్లిదండ్రుల మీద నాకు గౌరవం పెరిగిందే గానీ కోపం రాలేదు.

ఇక పడుకునే చోటు. దోమతెర కట్టండి. రాత్రంతా గోక్కుంటూ నిద్రపోయిన పిల్లవాడికి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. ఏప్రిల్, మే నెలల్లో పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ల స్నానం చేయించి, పలచని నూలు బట్టలు వేయండి. జీరో బల్బు ఉండాల్సివస్తే కంటికి ఎదురుగా కాకుండా తల వెనక పెట్టండి. పడుకునే ముందు రోజూ అవే మూడు పనులు, అదే వరుసలో: పళ్లు తోమడం, బాత్రూమ్, ఒక కథ. పది రోజులకు ఆ వరుసే జోలపాట అవుతుంది.

ఆటో నాన్న సంగతి చెబుతానన్నాను కదా. ఆ తల్లి, నేను మాట్లాడుకుని నాన్న దొరికే సమయాన్ని పొద్దుటికి మార్చాం. ఆయన ఒక్క అరగంట ఆలస్యంగా బయల్దేరి, బాబుకు స్నానం చేయించి, ఆటోలో ముందు తన పక్కన కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపేవాడు. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో రెండు నిమిషాలు మాటలు. మొదటి వారం వాడు ఏడ్చాడు. మూడో వారానికి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోతున్నాడని వాళ్లమ్మ చెప్పింది. కాపీ రైటింగ్‌లో పది లైన్లూ గీత మీదే నిలబడ్డాయి. అల్లరి పూర్తిగా పోలేదు, పోవాలని నేను కోరుకోనూ లేదు. గిల్లడం మాత్రం ఆగింది.

నిద్రమందు మాట ఎత్తొద్దు

జలుబు సిరప్ ఒక మూత పోస్తే మత్తుగా పడుకుంటాడని కొందరు నాతోనే అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే హెచ్చరించారు. పెద్ద పిల్లలకైనా ఆ మత్తు మర్నాటి పాఠాల్లో కూడా ఉంటుంది. మెలటోనిన్ గమ్మీలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని మీ అంతట మీరు ఇవ్వకండి. డాక్టర్ రాస్తేనే.

టైమ్ సరిచేసినా మార్పు రాకపోతే

పిల్లవాడు పది గంటలు పడుకుంటున్నాడు, అయినా పొద్దున నలిగిపోయి లేస్తున్నాడు, బడిలో అదే చిరాకు. అప్పుడు నిద్ర లోపల ఏదో చెడిపోతోందని అర్థం. ఒక రాత్రి పక్కన కూర్చుని గమనించండి.

గురక. "మా వాడు వాళ్ల తాతలా గురకపెడతాడు" అని ముద్దుగా చెబుతారు. జలుబు చేసినప్పుడు గురక రావడం మామూలే. జలుబు లేకపోయినా వారంలో మూడు నాలుగు రాత్రులు గురక పెడుతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, మెడ వెనక్కి విరిచి పడుకుంటూ, మధ్యలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకుంటూ ఉంటే అది ముద్దుగా చూడాల్సింది కాదు. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, గొంతులో ఉండే టాన్సిల్స్ పెరిగి గాలి దారి మూసుకుపోతోందేమో చూపించాలి. రెండు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఇది ఎక్కువ. ఒళ్లంతా చెమట పట్టడం, పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ తడపడం కూడా దీని గుర్తులు కావచ్చు. ఆ రాత్రి ఒక నిమిషం వీడియో తీసి ఉంచుకోండి, ఛాతీ, మొహం కనపడేలా. డాక్టర్‌కు మాటల్లో చెప్పేదానికన్నా అది ఎక్కువ పనికొస్తుంది. ముందు పిల్లల డాక్టర్‌కు, ఆయన చెబితే ఈఎన్‌టీకి. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందితో జరిగిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. టాన్సిల్స్ ఆపరేషన్ చేయించినవాళ్లలో ప్రవర్తన, నిద్ర బాగుపడ్డాయి గానీ, ఏకాగ్రత పరీక్షల్లో మార్కులు మిగతావాళ్లకన్నా పెద్దగా పెరగలేదు. కాబట్టి ఆపరేషన్ చేయిస్తే ఫస్టు ర్యాంకు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. కుదురు కోసం, ఆరోగ్యం కోసం చేయించండి.

కాళ్లు. పడుకోగానే కాళ్లు లాగుతున్నాయని, చీమలు పాకుతున్నట్టుందని తన్నుకునే పిల్లలుంటారు. ఒంట్లో ఐరన్ నిల్వలు తగ్గడం దీనికి ఒక కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి ఇది మన ఇంటి సంగతి కాదనుకోవద్దు. హిమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష అవసరమా అని డాక్టర్‌ను అడగండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర, చిన్న తరగతుల వాళ్లకు గులాబీ రంగుది, పదేళ్లు దాటిన వాళ్లకు నీలం రంగుది, పిల్లలు బయట పారేయకుండా మింగుతున్నారేమో కనుక్కోండి.

నులిపురుగులు. రాత్రిళ్లు ఆసనం దగ్గర దురదతో లేచి కూర్చునే పిల్లలు పగలు చిరాకుగా ఉండక ఏం చేస్తారు? ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆరోజు బడి ఎగ్గొట్టనివ్వకండి.

నిద్రలో గట్టిగా అరిచి లేచి, కళ్లు తెరిచే ఉన్నా మనల్ని గుర్తుపట్టని పిల్లలను చూసి దిష్టి అనో, గాలి సోకిందనో భయపడతారు. పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లో వచ్చి, పొద్దునకు ఏమీ గుర్తులేకపోతే అవి సాధారణంగా నైట్ టెర్రర్స్. ఊపి లేపకండి, దెబ్బ తగలకుండా పక్కన ఉండండి, కొన్ని నిమిషాల్లో సద్దుకుంటుంది. నిద్ర తగ్గిన రోజుల్లో ఇవి ఎక్కువవుతాయి. ఒళ్లు బిగుసుకుపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఒక్కోసారి కథ తిరగబడి ఉంటుంది. బడిలో ఉన్న ఇబ్బందే నిద్రను పాడుచేస్తుంటుంది. ఆదివారం సాయంత్రం నుంచే కడుపునొప్పి అంటున్నా, పడుకునే ముందు "రేపు బడి ఉందా?" అని పదేపదే అడుగుతున్నా కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడండి. "ఎవరు కొట్టారు?" అని నేరుగా అడిగితే నోరు విప్పరు. "బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? అన్నం ఎవరితో తింటావు?" అనండి. జవాబు రాకపోతే ఆ మౌనాన్ని పట్టించుకోండి.

హైస్కూల్ పిల్లలకు వేరే లెక్క

పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక పిల్లల ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది. రాత్రి పదిన్నరకు ముందు నిద్ర రాదంటే అది బద్ధకం కాదు, మొండితనం కాదు. అందుకే కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టకూడదని చట్టమే తెచ్చారు. మన దగ్గర టెన్త్ పిల్లలను తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి చదివిస్తాం. పదకొండుకు పడుకుని నాలుగున్నరకు లేచిన పిల్ల చదివింది బుర్రలో నిలవడానికి కావలసిన నిద్రనే మనం కోసేస్తున్నాం. రాత్రి చదువో తెల్లవారుజాము చదువో ఏదో ఒకటి ఎంచుకోమనండి, రెండూ వద్దు. ఎనిమిది గంటల నిద్రకు తగ్గకుండా టైమ్‌టేబుల్ పిల్లతోనే గీయించండి, మీరు గీసి గోడకు అంటించకండి.

బడికి చెప్పేటప్పుడు

మూడు వారాల తర్వాత నోటుబుక్కు పట్టుకుని టీచర్ దగ్గరికి వెళ్లండి. "మీరే సరిగా చూడటం లేదు" అనే మాటతో మొదలుపెడితే ఏ టీచరైనా ముడుచుకుపోతుంది. "మేడమ్, ఇంట్లో నిద్ర టైమ్ మారుస్తున్నాం. ఈ పది రోజులు మధ్యాహ్నం ఎలా ఉంటున్నాడో కాస్త గమనిస్తారా?" అనండి. వీలైతే కిటికీ పక్కన వెలుతురు తగిలే చోట కూర్చోబెట్టమనండి. నిలబడి చేసే పని, పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం, మధ్యాహ్నం పీరియడ్‌లో వాడికి ఇవ్వమనండి. నేను తలుపు దగ్గర నిలబెట్టిన బాబుకు అసలు కావలసింది అదే.

ఏడాదిలో రెండుసార్లు ఈ కష్టమంతా మళ్లీ మొదటికొస్తుంది. మార్చిలో ఒంటిపూట బడులు పెట్టగానే పిల్లలు పొద్దున ముందుగా లేవాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి మూడు గంటలు పడుకుంటారు, రాత్రి నిద్ర చెడుతుంది. ఆ నెలల్లో మధ్యాహ్నం నిద్ర గంటకు మించకుండా లేపండి. వేసవి సెలవుల్లో ఎలాగూ అన్నీ తప్పుతాయి, అమ్మమ్మగారింట్లో డాబా మీద అర్ధరాత్రిదాకా కబుర్లు ఉండనే ఉంటాయి, ఉండనివ్వండి. బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మే 28 నాటికి ఊరి నుంచి తీసుకొచ్చేసి, ఆ మర్నాటి నుంచే పొద్దున ఎండలో నిలబెట్టి పళ్లు తోమించండి.